మధ్యవర్తులకు అనుమతి లేదు

ఆ బోర్డు రాయించింది నేనే. నెపం ఇంకెవరి మీదా వెయ్యను. రేకుకు పసుపు రంగు కొట్టించి, "ఇల్లు అమ్మబడును. మధ్యవర్తులకు అనుమతి లేదు" అని ఎర్రటి అక్షరాలతో రాయించి, కింద నా ఫోను నంబరు వేయించి, గేటుకు తీగతో బిగించి కట్టాను. మా ఆయన చినబాబు పక్కన నిలబడి, "లోవా, ఆ రెండో ముక్క చెరిపించెయ్యవే. బుల్లిరాజు గారు చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు. ఆయన చూడాలనే రాయించానని చెప్పాను.

బుల్లిరాజు మా పెద్దాపురంలో ఇళ్ళ బ్రోకరు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్లే ఆయన కచేరీ. అరవై దాటిన మనిషి. చొక్కా జేబు నిండా మడతపెట్టిన జిరాక్సు కాగితాలు. మేము ఇల్లు అమ్ముతున్నామని తెలిసిన మర్నాడే వచ్చి, కాఫీ తాగి, "రెండు శాతం ఇప్పించండమ్మా, నెల తిరక్కుండా బేరం కుదిర్చేస్తాను" అన్నాడు. మా ఇంటికి రెండు శాతమంటే డెబ్భై వేలు. నాలుగు ఫోన్లు చేసి, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకొచ్చినందుకు డెబ్భై వేలా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను నాకూ ఉంది, నోరు నాకూ ఉంది, నా ఇల్లు నేనే అమ్ముకుంటానని మొహం మీదే చెప్పి పంపేశాను.

ఇల్లు ఎందుకు అమ్ముతున్నామో చెప్పాలి. మా అమ్మాయి హారతికి నాలుగేళ్ళ తొమ్మిది నెలలు. దానికి పుట్టుకతోనే వినపడదు. ఆ సంగతి మాకు తెలిసేసరికే మూడేళ్ళు నిండాయి. మేనమామకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే అని అందరూ అంటుంటే నమ్మి కూర్చున్నాను. వస అరగదీసి నాలిక మీద రాశాను. ఎన్ని వారాలు రాశానో. తీరా డాక్టరు దగ్గరికి వెళితే, ప్రభుత్వ పథకానికి వయసు దాటిపోయిందన్నారు. చెవి వెనక కోసి లోపల మిషను పెట్టాలి, రెండు చెవులకూ పెట్టాలి, అయిదేళ్ళు దాటితే పెట్టినా మాట రావడం కష్టం, ఇప్పటికే ఆలస్యం చేశారు అన్నాడు విశాఖపట్నంలో డాక్టరు. డిసెంబరు మొదటి వారంలో తేదీ ఇచ్చాడు. చినబాబు కాకినాడ పోర్టులో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. ఆ ఉద్యోగం చూసి బ్యాంకువాళ్ళు తల అడ్డంగా ఊపారు. ఇక మాకు మిగిలింది ఈ ఇల్లే. మా నాన్న పసుపు కుంకుమ కింద నా పేర రాసిచ్చిన మూడున్నర సెంట్ల స్థలంలో, చినబాబు సంపాదించిందంతా పోసి వేసిన డాబా.

ఇంకో చిక్కు కూడా ఉంది. నవంబరు నెలాఖరుకు మూఢాలు వస్తున్నాయి. ఒకసారి వచ్చాయంటే రెండున్నర నెలలు మా వైపు ఎవరూ ఇంటికి బయానా ఇవ్వరు, రిజిస్ట్రేషను పెట్టుకోరు. ఉచితంగా ఇస్తానన్నా మూఢం వెళ్ళాక చూద్దాంలెండి అంటారు. మూఢం వెళ్ళేసరికి హారతికి అయిదేళ్ళు నిండిపోతాయి. బోర్డు కట్టిన రోజుకి నా చేతిలో ఇరవై ఆరు రోజులున్నాయి.

ఫోన్లు రాలేదని కాదు, బాగానే వచ్చాయి. ఒకాయన ఆడమనిషి నంబరు పెట్టారేంటి, ఇంట్లో మగాళ్ళు లేరా అని అడిగాడు. ఒకావిడ సామర్లకోట నుంచి చేసి, బోర్డు ఫోటో ఎవరో పంపారనీ, అంత కష్టం ఏమొచ్చిందనీ ముప్పావుగంట ఆరా తీసింది. ఆవిడ నాకు వరసకు వదినవుతుందని చివర్లో తెలిసింది. ఒకతను ఫోనులో దిక్సూచి పెట్టుకుని గది గదికీ తిరిగి, మరుగుదొడ్డిలో కూడా గిర్రున తిరిగి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయాడు. ఇంకో మొగుడూపెళ్ళాలు వంటింట్లో అరల కొలతలు రాసుకుంటుంటే పోనీలే వీళ్ళకు నచ్చిందనుకున్నాను. వాళ్ళ ఇంట్లోనూ అలాంటి అరలే పెట్టించుకుంటారట, చూసిపోదామని వచ్చారట. ఆ రోజు గేటు వేస్తుంటే నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పదకొండు రోజులు అలా పోయాయి.

పన్నెండో రోజు ఆదివారం. సుధాకర్, సుప్రియ అని దంపతులు వచ్చారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. పెళ్ళయి నాలుగేళ్ళయిందట, ఇంకా పిల్లలు లేరు. ఇల్లంతా నెమ్మదిగా చూశారు. సుప్రియ వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఇక్కడ నిలబడితే గాలి బాగా వస్తోందండీ అని వాళ్ళాయనతో అంది. ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. నేను ముప్పై అయిదు లక్షలు చెప్పాను. ఆయన ఒక్కసారి సుప్రియ మొహం చూసి సరేనన్నాడు. గురువారం పదిన్నరకి మంచి గంట ఉంది, బయానా ఇచ్చేస్తామన్నారు. నా నెత్తిన పాలు పోసినట్టయింది. చూశావా నీ బుల్లిరాజు లేకుండా అన్నట్టు చినబాబు వైపు చూశాను.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బేరం కుదిరిన మనుషులను ఉత్తినే ఎలా పంపుతాం? కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. హారతి నిద్ర లేచి వచ్చి సుప్రియ ఒళ్ళో ఎక్కింది. దానికి ఒక అలవాటుంది. ఎవరైనా తన వైపు చూడకపోతే గెడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంటుంది. సుప్రియ మొహాన్నీ అలాగే తిప్పుకుని, తన చిన్న చేతులతో ఏదో చెప్పింది.

"ఏంటక్కా, పాప మాట్లాడదా?" అని అడిగింది సుప్రియ. తర్వాత, "ఇంత బాగా కట్టుకుని ఎందుకమ్మేస్తున్నారక్కా?" అంది.

అక్కా అంది కదా. నా కడుపులో ఉన్నదంతా చెప్పేశాను. వస రాయడం దగ్గర్నుంచి డిసెంబరు తేదీ దాకా ఒక్కటీ దాచలేదు. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా రెండు చేతులూ పట్టుకుని, "గురువారం తప్పకుండా వస్తామక్కా. పాపకి బాగవుతుంది" అంది. నేను ఆవిడకి బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ పెట్టి పంపాను.

గురువారం పొద్దున్నే ఇల్లు కడిగాను. గుమ్మానికి పసుపు రాశాను. పదిన్నర అయింది, పన్నెండయింది, రెండయింది. వాళ్ళు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. చినబాబు ఆ రోజు కూలి పోగొట్టుకుని ఇంట్లోనే కూర్చున్నాడు. సాయంత్రం అయిదింటికి సుధాకర్ తనే చేశాడు.

"ఏమనుకోకండి. మా అమ్మ సిద్ధాంతి గారిని అడిగిందండి. మీ ఇంటికి ఈశాన్యం ఒక మూర తెగిందట."

"మొన్న మీకు కనపడలేదా మాస్టారూ?"

"కనపడిందండి. నేను అవన్నీ నమ్మను. కానీ ఈశాన్యం తెగితే సంతానానికి దెబ్బంటారట. మీ పాప సంగతి సుప్రియ ఇంట్లో చెప్పింది. అది విన్నాక మా అమ్మ ససేమిరా అంటోందండి. మాకు అసలే పిల్లల్లేరు కదండి."

నా నోట్లోంచి వచ్చిన మాటేమో రాకూడనిది. మా పిల్ల పుట్టింది కాకినాడ ఆసుపత్రిలోనండీ, ఈ ఇంట్లో కాదు, గృహప్రవేశం అయిన రెండు నెలలకి కడుపులో పడింది అంతే అని గబగబా చెప్పాను. అప్పుడు తెలిసింది నేనేమన్నానో. "ఉంటానండి" అని ఆయన ఫోను పెట్టేశాడు.

మూడు రోజుల్లో ఊరంతా తెలిసిపోయింది. సుప్రియను తిట్టుకోను. ఆ అమ్మాయి జాలితోనే చెప్పి ఉంటుంది. కానీ ఆ జాలి నా నోట్లో మట్టి కొట్టింది. ఆ ఇంట్లో కాపురం పెట్టాకే పిల్లకి అలా అయిందట, ఈశాన్యం తెగిందట అని రైతుబజారులో నా ముందే ఒకావిడ ఇంకొకావిడతో చెప్తోంది, నేనెవరో తెలియక. ఎవరి పిల్ల గురించో అన్నట్టు నేను వంకాయలు ఏరుతూ నిలబడ్డాను. ఇంటికొచ్చి గేటు వెనక కూలబడి ఏడ్చాను. నా పిల్ల కోసం ఇల్లు అమ్మాలి. నా పిల్ల ఉంది కాబట్టి ఇల్లు అమ్ముడుపోదు. ఎటు తిరిగినా గోడే. హారతి వచ్చి నా గెడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని, నా కళ్ళు తుడిచి, ఆకలేస్తోందా అని చేత్తో అడిగింది. దానికి తెలిసిన ఏడుపు అదొక్కటే.

ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. మూఢానికి ఎనిమిది రోజులున్నాయి. ధర ముప్పైకి తగ్గిస్తానని, ఇరవై ఎనిమిదికి తగ్గిస్తానని నేనే తెలిసినవాళ్ళందరికీ ఫోను చేశాను. తగ్గించేకొద్దీ అనుమానం పెరిగింది. చినబాబు భోజనం దగ్గర కూర్చుని, అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా, "బుల్లిరాజు గారి కాళ్ళు పట్టుకుందామే" అన్నాడు. నేను లేచి వెళ్ళి బోర్డు తీగ విప్పేశాను. వేళ్ళకి గీరుకుని రక్తం వచ్చింది.

టీకొట్టు దగ్గర బుల్లిరాజు నన్ను చూసి బల్ల మీద జరిగి చోటిచ్చాడు. ఒక్క మాట ఎత్తిపొడిస్తే వెంటనే లేచొచ్చేద్దామనుకున్నాను. ఆయన మామూలుగానే అడిగాడు.

"బోర్డు తీసేశారా అమ్మా?"

"తీసేశానండి."

"మంచి పని చేశారు. బ్రోకర్లు రావద్దని రాస్తే జనం ఏమనుకుంటారో తెలుసా అండి? బ్రోకరుకి తెలిస్తే బయటపెడతాడని ఏదో దాస్తున్నారనుకుంటారు. మీరేమో పిలిచి కూర్చోబెట్టి అన్నీ చెప్పేశారు." ఆయన టీ నెమ్మదిగా తాగాడు. "అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కలిసి కాఫీ తాక్కూడదమ్మా. తాగితే మనసులో మాటలు వస్తాయి. నేను మధ్యలో ఉండేది అవి అటూ ఇటూ పోకుండా చూడ్డానికే."

"ఇప్పుడు అమ్మగలరా అండి?"

"ఊళ్ళోవాళ్ళకి అమ్మలేను. కాకినాడలో ఒకాయన ఉన్నాడు, గంగాధర్ గారని. ఎరువుల కంపెనీలో చేసి రిటైరవుతున్నాడు. ఈ ఊళ్ళో ఆయనకి ఎవరూ తెలీదు. ముప్పై రెండుకి తెస్తాను. మూఢం రాకుండానే రిజిస్ట్రేషను పెట్టిస్తాను. నా రెండు శాతం నాది. ఆ గోడ పక్క మూర సంగతి నేను చూసుకుంటాను, పూలకుండీలు పెట్టండి." అక్కడ ఆగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఇంకోటుందమ్మా. వాళ్ళొచ్చినప్పుడు పాప ఇంట్లో ఉండకూడదు. పాప వస్తువులూ కనపడకూడదు. మీకు పిల్లల్లేరు. మీ ఆయనకి కాకినాడ రోజూ తిరగడం కష్టమై అక్కడికే మారిపోతున్నారు. అంతే."

నా చెంప మీద కొట్టినట్టయింది. మీ నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందండీ అన్నాను. గొంతు పెరిగింది, టీకొట్టు దగ్గర నలుగురూ చూశారు.

ఆయన మాత్రం గొంతు పెంచలేదు. "నాకూ మనవరాళ్ళున్నారమ్మా. గంగాధర్ గారి కూతురు నీళ్ళోసుకునుంది, ఏడో నెల. పురిటికి ఈ ఇంటికే తెస్తారు. చెప్పి చూడండి, వాళ్ళావిడ గుమ్మం కూడా ఎక్కదు. మీకు పిల్లకి చెవులు కావాలా, పిల్ల గురించి చెప్పుకోవడం కావాలా? ఆలోచించుకుని చెప్పండి, నేనిక్కడే ఉంటాను."

ఆలోచించడానికి ఏముంది? సరేనన్నాను. పురిటికి వచ్చే ఆ పిల్ల గుర్తొచ్చి మనసు పీకింది. ఆ పీకుడు మింగేశాను. నా పిల్లకి లేని దయ ఇంకొకరి పిల్ల మీద ఎందుకు అని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధమని తెలుసు.

సోమవారం పొద్దున్న ఇంట్లోంచి హారతిని తుడిచేశాను. గోడ మీద ఫోటోలు తీశాను. మాటల టీచరు ఇచ్చిన బొమ్మల చార్టు చుట్టి అటక మీద పెట్టాను. మూడు చక్రాల సైకిలు, చెప్పులు, వినికిడి మిషను డబ్బా, పాలగ్లాసు అన్నీ గోనెసంచిలో వేసి పక్కింటి పావని ఇంట్లో పెట్టాను. చివరికి హారతిని కూడా ఆవిడకే అప్పగించాను. పావనికి పిల్లలు పెద్దవాళ్ళయి చదువులకు వెళ్ళిపోయారు. హారతి అంటే ప్రాణం పెడుతుంది. "ఎంతసేపమ్మా, గంట. నేను చూసుకుంటాను వెళ్ళు" అంది. ఈశాన్యంలో మందారం కుండీలు వరసగా పెట్టాను.

పదకొండింటికి గంగాధర్ గారూ, వాళ్ళావిడ సత్యకుమారి గారూ బుల్లిరాజుతో కలిసి కారులో వచ్చారు. బుల్లిరాజు పనితనం అప్పుడు చూశాను. నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ఆవిడ నన్ను ఏదడిగినా ఆయనే అందుకున్నాడు. బోరు నీళ్ళు తియ్యటివండీ అన్నాడు. చుట్టుపక్కల అంతా ఉద్యోగస్తులేనండీ అన్నాడు. గంగాధర్ గారు టేపు తీస్తుంటే ఆయన్ను మేడ మీదికి తీసుకుపోయి గాలి చూపించాడు. దిగేసరికి ఆయన టేపు సంగతే మర్చిపోయాడు. కాఫీ పెడతానంటే, ఇప్పుడే తాగొచ్చామమ్మా అని బుల్లిరాజే వద్దన్నాడు. అరగంటలో ముప్పై రెండుకి ఖాయమైంది. బుల్లిరాజు జేబులోంచి బయానా కాగితం తీసి బల్ల మీద పరిచాడు. గురువారం రిజిస్ట్రేషను. గంగాధర్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు.

సత్యకుమారి గారు వెనక గదిలోంచి వచ్చి, "ఈ గది పురిటికి బాగుంటుందండి, మా అమ్మాయికి" అని నాతో అన్నారు. బాగుంటుందండి అన్నాను. "మీకెంతమందమ్మా పిల్లలు?" అని అడిగారు. బుల్లిరాజు కాగితం మీద వంగి ఉన్నాడు, అందుకోలేకపోయాడు.

"లేరండి" అన్నాను.

అన్నానో లేదో, వెనక తలుపు తోసుకుని హారతి వచ్చింది. పావని ఇంటి కిటికీలోంచి నేను కనపడి ఉంటాను. పరుగెత్తుకొచ్చి నా కాళ్ళు వాటేసుకుంది. నన్ను పిలవడానికి దానికి వచ్చిన శబ్దం ఒకటే, గొంతులోంచి "మ్బా" అని. ఆ శబ్దం చేసింది. సత్యకుమారి గారు దాని వైపు చూశారు. గంగాధర్ గారి కలం ఆగింది.

"ఎవరమ్మా ఈ పాప?"

"పక్కింటి పిల్లండి" అన్నాను.

"నీ పేరేంటమ్మా?" అని ఆవిడ వంగి అడిగారు. హారతి ఆవిడ వైపు చూడలేదు. నా కొంగు పట్టుకుని పైకి ఎగబాకి, నా గెడ్డం అందుకుని మొహం తన వైపు తిప్పుకుంది. నేను ఆ చెయ్యి తీసేశాను. మళ్ళీ పట్టుకుంది. సిగ్గండి దానికి, ఎప్పుడూ ఇక్కడే ఆడుకుంటుంది అన్నాను. పావని రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. నా మాట విని అక్కడే ఆగిపోయింది.

హారతిని మాటతో పంపలేను. దానికి తెలిసిన భాషలోనే చెప్పాలి. కనుబొమలు ముడిచి, మొహం చిట్లించి, అరచెయ్యి బయటికి విదిల్చాను. పో అని. అది పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు. అది కదల్లేదు. భుజం పట్టుకుని వెనక్కి నెట్టి, మళ్ళీ విదిల్చాను. "పావనీ, మీ పాపని తీసుకెళ్ళవే, ఏడుస్తోంది" అన్నాను. పావని నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. దాన్ని ఎత్తుకుని వెళ్ళిపోయింది. హారతి ఏడవలేదు కూడా. పావని భుజం మీంచి నా చేతి వైపే చూస్తూ వెళ్ళింది.

"ముద్దుగా ఉంది పిల్ల" అన్నారు సత్యకుమారి గారు. గంగాధర్ గారు సంతకం పెట్టారు. నేనూ పెట్టాను. లక్ష రూపాయల బయానా నా చేతిలో పెట్టారు. కారు వెళ్ళిపోయింది. బుల్లిరాజు గేటు దగ్గర ఆగి, "గురువారం పదింటికి ఆఫీసు దగ్గర ఉండండమ్మా" అన్నాడు. గేటు వేస్తూ, "పాపని తెచ్చుకోండి" అని వెళ్ళిపోయాడు.

చినబాబు అప్పుడే సగం పూట పని మానుకుని వచ్చి, డబ్బు కళ్ళకద్దుకుని విశాఖ ఆసుపత్రికి ఫోను చేస్తున్నాడు, తేదీ ఖాయం చేసుకోమని. నేను పెరట్లో నిలబడ్డాను. పక్కింటి పిల్ల అన్నాను. లేరండి అన్నాను. ఆ రెండు మాటలూ నా కూతురికి వినపడనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. దాని చెవుల కోసం ఇల్లు అమ్ముకుంటూ, అవి వినపడనందుకే దణ్ణం పెట్టుకున్నాను.

పావని ఇంటికి వెళ్ళాను. హారతి వంటింటి గడప మీద, మూడు చక్రాల సైకిలు పక్కన కూర్చుని ఉంది. పావని నన్ను చూసి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. నేను దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాను. అది లేవలేదు. గెడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పుకున్నాను. నా కళ్ళలోకి చూసింది. కనుబొమలు ముడిచి, మొహం చిట్లించి, చిన్న అరచెయ్యి నా వైపు విదిల్చింది.